బలవంతంగా తొడిగిన యూనిఫాం, శత్రువు శిబిరంలో నిర్బంధం: కొరియా యుద్ధ ఖైదీల చిక్కుముడి

2025 జనవరిలో రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలో ఉక్రెయిన్ సేనలు, రష్యా తరఫున పోరాడుతున్న ఇద్దరు ఉత్తర కొరియా సైనికులను ప్రాణాలతో పట్టుకున్నాయి. యుద్ధానికి కాదు, శిక్షణకు తీసుకువెళ్తున్నారనుకున్నానని వారిలో ఒకరు చెప్పినట్లు ఉక్రెయిన్ భద్రతా సంస్థ ప్రకటించింది. ఆ మరుసటి నెలలో ఒకరు దక్షిణ కొరియా పత్రికతో మాట్లాడుతూ తనకు దక్షిణానికి వెళ్ళాలని ఉందన్నారు. అక్కడి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ఖైదీని అతను ఏ సైన్యం తరఫున పోరాడాడో ఆ సైన్యానికే అప్పగించాలా? అతను పుట్టిన దేశానికి పంపాలా? లేక అతను కోరుకున్న చోటికా? కొరియా ద్వీపకల్పమంతా తమ భూభాగమేనని దక్షిణ కొరియా రాజ్యాంగంలోని మూడో అధికరణ చెబుతుంది. ఆ లెక్కన ఉత్తర కొరియా సైనికుడు కూడా ఆ దేశ పౌరుడే అవుతాడు. అంతర్జాతీయ చట్టం దగ్గరకు వచ్చేసరికి లెక్క ఇంత సూటిగా ఉండదు.

ఈ ప్రశ్న కొరియన్లకు కొత్తది కాదు. 1950లో మొదలైన కొరియా యుద్ధాన్ని మరో ఏడాదికి పైగా సాగదీసింది ఇదే. అప్పట్లో దీని బరువంతా మోసినవాళ్ళలో ఒక వర్గం గురించి బయటి ప్రపంచానికి తెలిసింది చాలా తక్కువ. దక్షిణ కొరియాలో పుట్టి పెరిగి, ఉత్తర కొరియా సైన్యంలోకి బలవంతంగా లాగబడి, చివరకు తమ దేశం పక్షాన పోరాడుతున్న అమెరికన్ల చేతిలోనే ‘శత్రు సైనికులు’గా పట్టుబడ్డ యువకులు వాళ్ళు. ఈ వివాదం అసలు రూపం అర్థం కావాలంటే వాళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టడమే సరైన దారి అని నా అభిప్రాయం. ఎందుకంటే యుద్ధ ఖైదీల చట్టం ఏ ఊహ మీద నిలబడి ఉందో, ఆ ఊహ వీళ్ళ విషయంలోనే కూలిపోయింది.

చట్టం దృష్టిలో ఎవరు ఎవరు

సాయుధ బలగాల్లో సభ్యుడై ఉండి శత్రువుకు చిక్కినవాడు యుద్ధ ఖైదీ. అతను నేరస్థుడు కాడు. యుద్ధం ముగిసేవరకు మళ్ళీ ఆయుధం పట్టకుండా ఆపి ఉంచడం మాత్రమే అతని నిర్బంధానికి ఉద్దేశం. సైనికుడు కాకపోయినా భద్రతా కారణాలు చూపి అదుపులో ఉంచినవాడు నిర్బంధిత పౌరుడు. వీరిద్దరి హక్కులు వేరు, విడుదల పద్ధతి వేరు. పోరు ఆగిన తర్వాత ఖైదీని అతని దేశానికి చేర్చడాన్ని స్వదేశానికి అప్పగించడం అంటారు. 1949 ఆగస్టు 12న కుదిరిన మూడో జెనీవా ఒప్పందంలోని 118వ అధికరణ ప్రకారం, క్రియాశీల పోరాటం ఆగిన వెంటనే ఆలస్యం లేకుండా ఖైదీలను విడుదల చేసి స్వదేశానికి పంపాలి. ఖైదీ ఇష్టాయిష్టాల ప్రస్తావన ఆ వాక్యంలో లేదు.

ఇక సైనిక భర్తీ విషయం. ఒక ప్రభుత్వం తన పౌరులను చట్టం ద్వారా సైన్యంలోకి తీసుకోవడం తప్పు కాదు. శత్రుదేశ పౌరులను వారి సొంత దేశం మీదే యుద్ధానికి దించకూడదని 1907 నాటి హేగ్ నిబంధనలు చెబుతాయి. ఆక్రమిత ప్రాంతంలోని పౌరులను తమ సైన్యంలో చేరమని ఒత్తిడి చేయకూడదని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం చెబుతుంది. యుద్ధ ఖైదీ చేత శత్రు సైన్యంలో పనిచేయించడాన్ని మూడో ఒప్పందం తీవ్రమైన ఉల్లంఘనల జాబితాలో చేర్చింది.

చదవడానికి ఇదంతా స్పష్టంగానే ఉంది. కొరియాలో పరిస్థితి వేరు. 1948లో ఏర్పడిన రెండు ప్రభుత్వాలూ మొత్తం కొరియాకు తామే అసలైన ప్రభుత్వమని ప్రకటించుకున్నాయి. సియోల్‌ను పట్టుకున్న ఉత్తర కొరియా దృష్టిలో అది ఆక్రమణ కాదు, విముక్తి. అక్కడి యువకులు తన పౌరులే కాబట్టి వారిని సైన్యంలోకి తీసుకునే హక్కు తనకుందని ఆ ప్రభుత్వం భావించింది. దక్షిణ ప్రభుత్వం దృష్టిలో అదే పని అపహరణ. పైగా యుద్ధం మొదలయ్యేనాటికి 1949 ఒప్పందాన్ని అమెరికా గానీ, చైనా గానీ, రెండు కొరియాలు గానీ ధ్రువీకరించి ఉండలేదు. దాని సూత్రాలను పాటిస్తామని 1950 జులైలో అమెరికా, ఉత్తర కొరియా ప్రకటించాయి, అంతే.

1950 వేసవి: సైన్యంలోకి ఎలా లాగారు

జూన్ 25న ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశ రేఖను దాటాయి. మూడు రోజులకే, అంటే జూన్ 28న, సియోల్ వారి చేతికి వచ్చింది. అధ్యక్షుడు సింగ్మన్ రీ అప్పటికే నగరం విడిచి వెళ్ళిపోయారు. వెనక్కి తగ్గుతున్న దక్షిణ సైన్యం అదే రోజు తెల్లవారుజామున హాన్ నది మీది వంతెనను పేల్చేసింది. నదికి ఉత్తరపు ఒడ్డున లక్షలాది మంది చిక్కుకుపోయారు. తర్వాతి కథకు ఈ వంతెన చాలా కీలకం. సెప్టెంబర్‌లో ప్రభుత్వం తిరిగి వచ్చాక, నది దాటి వెళ్ళినవారు దేశభక్తులు, నగరంలో ఉండిపోయినవారు అనుమానితులు అన్న విభజన మొదలైంది. దాటే దారి లేకుండా చేసిందెవరన్న సంగతిని ఆ విభజన పట్టించుకోలేదు.

మూడు నెలల ఆక్రమణ కాలంలో ఉత్తర కొరియా యంత్రాంగం ‘స్వచ్ఛంద సేన’ పేరుతో యువకులను సమీకరించింది. మొదట్లో పాఠశాలల్లో, కర్మాగారాల్లో సభలు పెట్టి, చప్పట్ల మధ్య పేర్లు రాయించుకున్నారు. వామపక్ష భావాలున్న విద్యార్థులు కొందరు నిజంగానే ముందుకొచ్చారు. ఆ సంగతి దాచడం చరిత్రకు న్యాయం కాదు. ఆగస్టు నాటికి నక్‌డాంగ్ నది దగ్గర యుద్ధం మొండికెత్తి సైనిక నష్టాలు పెరిగేసరికి, ఇంటింటి తనిఖీలు, వీధుల్లో పట్టివేతలు మామూలైపోయాయి. పైకప్పుల కింద, నేలమాళిగల్లో, పల్లెల్లోని బంధువుల ఇళ్ళలో దాక్కుని ఆ వేసవి గడిపిన యువకులు ఎందరో ఉన్నారు. దొరికినవారికి కొన్నాళ్ళ శిక్షణ ఇచ్చి, లేదా అది కూడా లేకుండానే, ముందు వరుసకు పంపారు. సెప్టెంబర్ నాటికి ఉత్తర కొరియా డివిజన్లలో మొదట దాడికి వచ్చిన పాత సైనికులు 30 శాతానికి మించి మిగలలేదని అమెరికా సైన్యం అధికారిక చరిత్ర అంచనా వేసింది. ఆ ఖాళీలను నింపినవారిలో అత్యధికులు దక్షిణాదివారే.

ఇటువైపు చేతులు కూడా శుభ్రంగా లేవు. అదే ఆగస్టులో దక్షిణ కొరియా అధికారులు బూసాన్, టేగూ వీధుల్లో యువకులను పోగుచేసి, అమెరికా ఏడో డివిజన్‌లో కలపడానికి జపాన్‌కు ఓడల్లో పంపించారు. ఎనిమిది వేలకు పైగా ఉన్న ఆ కొత్త సైనికుల్లో ఒకరి చేతిలో ఇంకా బడి పుస్తకాలు ఉన్నాయి. జబ్బుపడ్డ భార్యకు మందు తేవడానికి బయలుదేరిన ఇంకొకరు ఆ మందుతో సహా జపాన్‌లో దిగారు. ఆ ఏడాది చివర దక్షిణ ప్రభుత్వం ఏర్పాటు చేసిన జాతీయ రక్షణ దళంలో అధికారులు తిండికి, బట్టలకు ఇచ్చిన డబ్బు కాజేయడంతో, భర్తీ అయిన యువకులు వేల సంఖ్యలో ఆకలికీ చలికీ చనిపోయారు. ఆ దళాధిపతికి, మరికొందరు అధికారులకు 1951 ఆగస్టులో మరణశిక్ష అమలు చేశారు.

ఒక కవి, మూడు సైన్యాలు

ఆధునిక కొరియన్ కవిత్వంలో ప్రముఖుడైన కిమ్ సు యంగ్ (1921–1968) జీవితం ఈ తరం మొత్తానికి ఒక నమూనా లాంటిది. ఆయన సియోల్‌లో పుట్టారు. చదువు కోసం టోక్యో వెళ్ళారు. అప్పట్లో కొరియాను ఏలుతున్న జపాన్ ప్రభుత్వం కొరియన్ విద్యార్థులను సైన్యంలోకి తోలుతున్న రోజుల్లో దాన్ని తప్పించుకోవడానికి చదువు వదిలేసి వచ్చి, కుటుంబంతో పాటు మంచూరియాలోని జిలిన్‌కు చేరారు. 1944లో జపాన్ కొరియన్లందరికీ నిర్బంధ సైనిక సేవను అమలు చేసింది. ఆయన మాత్రం దాని చేతికి చిక్కలేదు.

ఆరేళ్ళ తర్వాత, 1950 ఆగస్టులో, సొంత నగరంలోనే ఉత్తర కొరియా సేన చేతికి చిక్కారు. ఉత్తరాదిలోని శిక్షణ శిబిరానికి తరలించారు. దక్షిణానికి అండగా వచ్చిన, అమెరికా నాయకత్వంలోని ఐక్యరాజ్య సమితి సేనలు ఉత్తరానికి చొచ్చుకు వస్తున్న గందరగోళంలో అక్కడి నుంచి తప్పించుకుని సియోల్‌కు తిరిగి వచ్చారు. ఇంటికి సమీపం దాకా వచ్చాక దక్షిణ కొరియా పోలీసులు పట్టుకున్నారు. శత్రు సేనలో ఉన్నవాడన్న కారణంతో ఆయన్ను యుద్ధ ఖైదీగా కోజే దీవి శిబిరానికి పంపారు. ఇంగ్లిష్ తెలిసిన మనిషి కావడంతో శిబిరం ఆసుపత్రిలో దుబాసీగా పనిచేశారు. రెండేళ్ళకు పైగా నిర్బంధంలో గడిపిన తర్వాత విడుదలయ్యారు.

ఈ క్రమంలో ఒక విషయం గమనించాలి. పారిపోయిన సైనికుడిని అతని సొంత సైన్యం శిక్షించడం ప్రపంచమంతా చూసిందే. ఇక్కడ బలవంతపు సైన్యం నుంచి పారిపోయి తన ఇంటి వైపు నడిచిన మనిషిని తన దేశమే శత్రువుగా బంధించింది. ఉత్తరాది వాళ్ళకు దొరికితే పారిపోయినందుకు కాల్చేస్తారు, దక్షిణాది వాళ్ళకు దొరికితే చేరినందుకు అనుమానిస్తారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నమాటకు ఇంతకంటే సరైన సందర్భం ఉండదు.

పట్టుబడిన క్షణంలో ఏం జరిగింది

సెప్టెంబర్ 15న ఇంచియాన్ దగ్గర ఐక్యరాజ్య సమితి సేనలు దిగడంతో ఉత్తర కొరియా సైన్యం కకావికలైంది. ఆగస్టులో వెయ్యి కంటే తక్కువగా ఉన్న ఖైదీల సంఖ్య నవంబర్ నాటికి 1,30,000 దాటింది. ఇంత మందిని ఒక్కొక్కరిగా విచారించడానికి కొరియన్ భాష తెలిసిన సిబ్బంది అమెరికన్ల దగ్గర లేరు. యూనిఫాం ఉంటే ఖైదీ. యూనిఫాం విప్పేసి తెల్లని రైతు దుస్తుల్లో ఉన్నా, జుట్టు సైనికుల మాదిరి కత్తిరించి ఉంటే ఖైదీ. అనుమానం కలిగినప్పుడు హోదాను సక్రమమైన ట్రిబ్యునల్ తేల్చాలని మూడో జెనీవా ఒప్పందంలోని అయిదో అధికరణ కోరుతుంది. ఆ హడావిడిలో అది కాగితం మీదే ఉండిపోయింది.

నేను ఊహించిన ముగ్గురిని ఉదాహరణగా తీసుకుందాం. మొదటివాడు సియోల్ విద్యార్థి. ఆగస్టులో వీధిలో పట్టుకుని ఉత్తర సైన్యంలో చేర్చారు. రెండోవాడు చుంగ్‌చాంగ్ ప్రాంతపు రైతు బిడ్డ. దక్షిణ కొరియా సైనికుడిగా జులైలో ఉత్తరాదివారికి చిక్కి, వాళ్ళ యూనిఫాం తొడిగించుకుని మళ్ళీ యుద్ధానికి వచ్చాడు. మూడోవాడు ప్యాంగ్యాంగ్ బడిపంతులు. తన సొంత ప్రభుత్వ చట్టం ప్రకారమే సైన్యంలోకి వచ్చాడు, ఇష్టం ఉన్నా లేకున్నా. ముగ్గురూ నక్‌డాంగ్ ఒడ్డున ఒకే రోజు అమెరికన్లకు దొరికారనుకుందాం. ముగ్గురి పేర్లూ ఒకే పుస్తకంలోకి ఎక్కుతాయి. చట్టప్రకారం చూస్తే మొదటివాడు ఆక్రమణకు బలైన పౌరుడు, రెండోవాడు తమ పక్షపు సైనికుడే, మూడోవాడు అసలైన యుద్ధ ఖైదీ. ఈ తేడాను గుర్తించడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది ముగ్గురూ ఒకే ముళ్ళకంచె లోపల గడిపారు.

కోజే దీవి: కంచె లోపల ఇంకో యుద్ధం

బూసాన్‌కు నైరుతిగా ఉన్న కోజే దీవిలో 1951 ఆరంభంలో భారీ శిబిరం వెలిసింది. నాలుగు పెద్ద ఆవరణలు, ఒక్కొక్కదానిలో ఎనిమిది విభాగాలు. విభాగానికి 700 నుంచి 1,200 మంది చొప్పున ఉండాలని వేసిన లెక్క నిలవలేదు. త్వరలోనే దానికి అయిదు రెట్ల మందిని కుక్కారు. స్థలం చాలక విభాగాల మధ్య ఖాళీలు కూడా నిండిపోయాయి. కాపలాదారులు కంచె బయట ఉండేవారు. రాత్రయితే లోపల ఏం జరుగుతుందో చూసే నాథుడు లేడు.

లోపల అధికారం ఎవరి చేతిలో ఉంటే ఆ విభాగం వాళ్ళది. కొన్నింటిలో కమ్యూనిస్టు కార్యకర్తలు రహస్య కమిటీలు నడిపి, ‘ద్రోహుల’ను రాత్రిపూట విచారించి చంపేవారు. మరికొన్నింటిలో కమ్యూనిస్టు వ్యతిరేక బృందాలు ఇనుప రాడ్లతో రాజ్యమేలాయి, ఒంటి మీద నినాదాలు పచ్చబొట్టు పొడిపించాయి. ఒకసారి చర్మం మీద కమ్యూనిస్టు వ్యతిరేక నినాదం పడ్డాక ఆ మనిషి ఉత్తరానికి తిరిగి వెళ్ళడం అసాధ్యం. బలవంతంగా సైన్యంలో చేర్చబడ్డ దక్షిణాది యువకుడికి ఇక్కడ రెండోసారి బలవంతపు భర్తీ జరిగిందనుకోవాలి. ఈసారి ముఠాలోకి.

దక్షిణాదివారందరూ ఒకేలా ఆలోచించలేదనడానికి 62వ విభాగమే సాక్ష్యం. అందులో ఉన్నది నిర్బంధిత పౌరులుగా వర్గీకరించిన సుమారు 5,600 మంది. బలవంతంగా చేర్చబడ్డవారిని వేరుచేయడానికి జరపబోయిన విచారణను ఆ విభాగపు నాయకులు అడ్డుకున్నారు. లోపలున్నవారంతా ఉత్తరానికే వెళ్తారు, విచారణ అక్కర్లేదన్నది వాళ్ళ వాదన. 1952 ఫిబ్రవరి 18న అమెరికా సైనికులు లోపలికి దిగినప్పుడు రాళ్ళు, కర్రలు, గుడారపు గుంజలతో ఎదురుతిరిగారు. సైనికులు కాల్పులు జరిపారు. గాయాలతో తర్వాత చనిపోయినవారితో కలిపి 77 మంది నిర్బంధితులు, ఒక అమెరికా సైనికుడు మరణించారు. ఆ 5,600 మందిలో నిజంగా ఎదిరించాలనుకున్నవారెందరు, పక్కవాడి భయానికి చేయి కలిపినవారెందరు అన్నది ఎవరూ విడదీయలేని లెక్క.

1,70,000 నుంచి 70,000కు: అంకెలు చేసిన అనర్థం

1951 జులైలో మొదలైన యుద్ధ విరమణ చర్చల్లో ఖైదీల అంశం డిసెంబర్‌లో చర్చకు వచ్చింది. అదే నెల 18న ఇరుపక్షాలూ జాబితాలు మార్చుకున్నాయి. ఐక్యరాజ్య సమితి సేనల జాబితాలో 1,32,474 మంది ఉన్నారు. వారిలో ఉత్తర కొరియన్లు 95,531 మంది, ఉత్తరం పక్షాన యుద్ధంలోకి దిగిన చైనీయులు 20,700 మంది, దక్షిణ కొరియా నివాసులు 16,243 మంది. దీనికి ముందే సుమారు 37 వేల మంది దక్షిణాదివారిని నిర్బంధిత పౌరులుగా మార్చి జాబితాలోంచి తీసేశారు. మన ఉదాహరణలోని సియోల్ విద్యార్థి దాదాపుగా ఈ 37 వేలలో ఉంటాడు. ఇంతమంది పేర్లు అంతకుముందు రెడ్‌క్రాస్‌కు ఇచ్చిన జాబితాల్లో ఉండి ఇప్పుడు మాయం కావడంతో ఉత్తర కొరియా, చైనా ప్రతినిధులు మండిపడ్డారు.

1952 ఏప్రిల్‌లో అందరినీ విడివిడిగా ప్రశ్నించారు. సామాను పట్టుకుని ఒక్కొక్కరే రావాలి. ప్రశ్నలు ఏడు. ఇష్టపూర్వకంగా తిరిగి వెళ్తావా? పంపిస్తే బలంతో ఎదిరిస్తావా? నీ నిర్ణయం వల్ల నీ కుటుంబానికి ఏమవుతుందో ఆలోచించావా? వెళ్ళేవాళ్ళంతా వెళ్ళిపోయాక కూడా నువ్వు ఇక్కడే చాలా కాలం ఉండిపోవచ్చని తెలుసా? నిన్ను ఫలానా చోటికి పంపుతామని మేం మాట ఇవ్వలేదని అర్థమైందా? అయినా ఎదిరిస్తానంటావా? చివరికి, అన్నిటినీ కాదని పంపిస్తే ఏం చేస్తావు? ఈ ఆఖరి ప్రశ్నకు చస్తాను, పారిపోతాను, పోరాడతాను అన్న తరహా జవాబు చెప్పినవాడిని వెళ్ళనివారి వరుసలో నిలబెట్టారు.

ఏడు విభాగాలకు చెందిన సుమారు 37 వేల మంది విచారణకే ఒప్పుకోలేదు. వారందరినీ తిరిగి వెళ్ళేవారిగా లెక్కించారు. అది కలుపుకున్నా, నిర్బంధిత పౌరులతో సహా 1,70,000 మందిలో వెళ్తామన్నవారు 70 వేలే తేలారు. 1,16,000 మంది వస్తారని ఎదురుచూసిన ఉత్తర కొరియా, చైనాలకు అది అవమానంగా తోచింది. మే 7న 76వ విభాగపు ఖైదీలు శిబిరాధిపతి బ్రిగేడియర్ జనరల్ ఫ్రాన్సిస్ డాడ్‌ను లోపలికి లాగి మూడు రోజులు బంధించారు. జూన్ 10న ట్యాంకులతో ఆ విభాగాన్ని అదుపులోకి తెచ్చేటప్పుడు ముప్పై మందికి పైగా ఖైదీలు, ఒక అమెరికన్ చనిపోయారు.

నిర్బంధిత పౌరుల విడుదల ఈ గందరగోళం మధ్యనే మొదలైంది. 1952 జూన్ నుంచి ఆగస్టు వరకు దాదాపు 27 వేల మందిని, ఆ ఏడాది చివర్లో మరో 11 వేల మందిని దక్షిణ కొరియాలోనే వదిలిపెట్టారు. ఇళ్ళకు చేరారు కానీ, ఉత్తర సైన్యంలో ఉన్నవాడన్న ముద్ర నిఘా రూపంలో, ఉద్యోగాల దగ్గర అనుమానం రూపంలో ఏళ్ళ తరబడి వెంటాడింది.

118వ అధికరణకు ఎవరి అర్థం వారిది

ఉత్తర కొరియా, చైనాల వాదన అక్షరానికి దగ్గరగా ఉంది. పంపాలి అని చట్టం చెబుతోంది, అడిగి పంపాలి అని చెప్పడం లేదు. తమ హక్కులను ఖైదీలే వదులుకున్నా అది చెల్లదని ఏడో అధికరణ అంటోంది. నిర్బంధంలో ఉన్న మనిషి ‘ఇష్టం’ అనేది నిర్బంధించినవాడి చేతిలో ఉంటుంది కాబట్టే ఆ నిబంధన పెట్టారు. కోజే దీవిలోని ముఠాలు, పచ్చబొట్లు చూశాక ఈ వాదనను కొట్టిపారేయలేం. పైగా ఈ అధికరణను ఇంత గట్టిగా రాయడానికి కారణం, రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచినా సోవియట్ యూనియన్ జర్మన్, జపాన్ ఖైదీలను వదలకపోవడం.

అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ వాదనకు వేరే జ్ఞాపకం పునాది. 1945లో యాల్టా ఒప్పందం ప్రకారం మిత్రదేశాలు సోవియట్ పౌరులను వారి ఇష్టానికి వ్యతిరేకంగా స్టాలిన్‌కు అప్పగించాయి. వారిలో చాలామంది శిబిరాల పాలయ్యారు, కొందరు అప్పగింతకు ముందే ప్రాణాలు తీసుకున్నారు. మళ్ళీ అలా మనుషులను చంపుడుకో బానిసత్వానికో అప్పగించి యుద్ధ విరమణ కొనుక్కోబోమని ట్రూమన్ 1952 మే 7న ప్రకటించారు. ఖైదీ రక్షణ కోసం పుట్టిన నియమాన్ని ఖైదీ మీదే ప్రయోగించడం చట్టం ఉద్దేశానికి విరుద్ధమన్నది ఈ పక్షం మాట.

దక్షిణాది నుంచి బలవంతంగా చేర్చబడ్డవారి విషయంలో ఒక వింత ఉంది. పై రెండు వాదనలూ వారికి నేరుగా వర్తించవు. వారి స్వదేశం దక్షిణ కొరియాయే, కాబట్టి ‘స్వదేశానికి పంపడం’ అంటే శిబిరం గేటు తెరవడమే. వారిని ఉత్తరానికి పంపమని అడగాలంటే, బలవంతంగా తొడిగిన యూనిఫామే మనిషి పౌరసత్వాన్ని నిర్ణయిస్తుందని ఒప్పుకోవాలి. ఈ ఒక్క వర్గం విషయంలో ఐక్యరాజ్య సమితి పక్షం వాదనే బలంగా ఉందని నేననుకుంటాను. కాకపోతే వారిని గుర్తించడానికి ఆ పక్షం చేసిన ఆలస్యం, గుర్తించిన పద్ధతి దాని విశ్వసనీయతను తినేశాయి.

అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2020లో ప్రచురించిన వ్యాఖ్యానం ప్రకారం, తిరిగి వెళ్తే ప్రాథమిక హక్కులకు నిజమైన ముప్పు ఉన్న ఖైదీని బలవంతంగా పంపకూడదు. ఒక్కొక్కరి విషయం విడిగా పరిశీలించాలి, ఆ పరిశీలన పేరుతో అందరినీ ఆపకూడదు. ఈ అవగాహన రూపుదిద్దుకున్నది చాలావరకు కొరియా అనుభవం నుంచే.

భారత సైనికుల చేతికి

ప్రతిష్టంభనను విప్పిన సూత్రం భారత్ నుంచి వచ్చింది. వి.కె. కృష్ణ మేనన్ ముందుకు తెచ్చిన తీర్మానాన్ని ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 1952 డిసెంబర్ 3న ఆమోదించింది. ఖైదీని తిరిగి పంపడానికీ, పంపకుండా ఆపడానికీ, రెండింటికీ బలప్రయోగం చేయకూడదన్నది దాని సారం. సోవియట్ యూనియన్ వ్యతిరేకించడంతో అప్పటికి అది ముందుకు సాగలేదు. 1953 మార్చిలో స్టాలిన్ మరణించాక పరిస్థితి మారి, జూన్ 8న దాదాపు అదే పునాది మీద ఒప్పందం కుదిరింది.

పది రోజుల తర్వాత, జూన్ 18న, సింగ్మన్ రీ ఎవరికీ చెప్పకుండా దక్షిణ కొరియా కాపలాలో ఉన్న శిబిరాల గేట్లు తెరిపించారు. తిరిగి వెళ్ళడానికి నిరాకరించిన సుమారు 27 వేల మంది ఉత్తర కొరియా ఖైదీలు రాత్రికి రాత్రి జనంలో కలిసిపోయారు. యుద్ధ విరమణ జులై 27న జరిగింది. ఆ తర్వాత 75,823 మందిని ఉత్తర పక్షానికి, 12,773 మందిని ఐక్యరాజ్య సమితి పక్షానికి అప్పగించారు.

మిగిలిన 22,604 మంది నిరాకరించినవారిని, అటు పక్షం నుంచి 359 మందిని తటస్థ దేశాల కమిషన్ కిందకు తెచ్చారు. దానికి అధ్యక్షుడు లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. కాపలా బాధ్యత మేజర్ జనరల్ ఎస్.ఎస్.పి. థోరట్ నాయకత్వంలోని భారత దళానిది. భారత సైనికులు తన నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదని రీ పట్టుబట్టడంతో, వారిని ఇంచియాన్ దగ్గర ఓడల నుంచి హెలికాప్టర్లలో సైనికరహిత మండలానికి చేరవేశారు. ఖైదీలు ఒక భారత మేజర్‌ను బంధించినప్పుడు థోరట్ కాల్పులకు దిగకుండా, స్వయంగా వారి మధ్యకు నడిచి వెళ్ళి విడిపించుకొచ్చారు.

ప్రతి ఖైదీకీ అతని దేశపు ప్రతినిధులు నచ్చజెప్పుకునే అవకాశం ఇవ్వాలని ఒప్పందం. కేటాయించిన 90 రోజుల్లో ఆ పని జరిగిన రోజులు చాలా తక్కువ. చాలామంది ప్రతినిధుల ముందుకు రావడానికే ఒప్పుకోలేదు. గడువు ముగిశాక, 1954 జనవరిలో, అత్యధికులను వారిని పట్టుకున్న పక్షాలకే తిమ్మయ్య తిరిగి అప్పగించారు. రెండు కొరియాలూ వద్దు, చైనా వద్దు, తైవాన్ వద్దు అన్న 88 మంది మాత్రం భారత దళంతో పాటు ఓడెక్కి ఫిబ్రవరిలో మద్రాసులో దిగారు. ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయి అప్పటికి అయిదు నెలలైనా కాలేదు. వారిలో 76 మంది కొరియన్లు. ఎక్కువమంది తర్వాత బ్రెజిల్, అర్జెంటీనాలకు వలసవెళ్ళారు. కొద్దిమంది మన దేశంలోనే స్థిరపడ్డారు.

అటువైపు మిగిలిపోయినవారు

ఇంతవరకు చూసింది ఐక్యరాజ్య సమితి పక్షం చేతిలో ఉన్న ఖైదీల సంగతి. ఎదురుపక్షపు లెక్కల్లో ఇంతకంటే పెద్ద ఖాళీ ఉంది. తాము 65 వేల మందిని పట్టుకున్నామని ఉత్తర కొరియా యుద్ధం తొలి నెలల్లో రేడియోలో చెప్పుకుంది. 1951 డిసెంబర్ జాబితాలో చూపింది 11,559 మందిని, వారిలో దక్షిణ కొరియన్లు 7,142 మందే. మిగిలినవారిని యుద్ధభూమిలోనే వదిలేశామనీ, చాలామంది ఇష్టపడి తమ సైన్యంలో చేరారనీ జవాబిచ్చింది. ఖైదీని తన సైన్యంలోకి మార్చుకుంటే అతను ఇక ఖైదీ కాడు, జాబితాలో ఉండడు, తిరిగి ఇవ్వక్కర్లేదు. మన ఉదాహరణలోని చుంగ్‌చాంగ్ రైతు బిడ్డ అమెరికన్లకు దొరకకుండా ఉంటే అతని గతి ఇదే అయ్యేది.

ఇలా మిగిలిపోయినవారిలో అనేకులు హామ్‌గ్యాంగ్ ప్రాంతపు బొగ్గు గనుల్లో పనిచేస్తూ ముసలివారయ్యారు. 1951లో చిక్కిన లెఫ్టినెంట్ చో చాంగ్ హో 1994 అక్టోబర్‌లో తప్పించుకుని దక్షిణానికి చేరేదాకా దక్షిణ కొరియా రికార్డుల్లో ఆయన చనిపోయిన మనిషి. ఆయన తర్వాత సుమారు 80 మంది మాజీ ఖైదీలు అలాగే సరిహద్దులు దాటి వచ్చారు. వారిలో ఇద్దరు వేసిన దావాలో 2020 జులైలో సియోల్ కేంద్ర జిల్లా కోర్టు, బలవంతపు చాకిరీకి పరిహారంగా ఒక్కొక్కరికి 2 కోట్ల 10 లక్షల వోన్లు చెల్లించాలని ఉత్తర కొరియా ప్రభుత్వాన్ని, కిమ్ జోంగ్ ఉన్‌ను ఆదేశించింది. ఉత్తర కొరియా టీవీ ప్రసారాలను వాడుకున్నందుకు దక్షిణాది ప్రసార సంస్థలు చెల్లించిన హక్కుల రుసుము కింద దక్షిణాదిలోని ఒక ఫౌండేషన్ దగ్గర పోగైన డబ్బు నుంచి ఆ మొత్తం ఇప్పించాలని వేసిన మరో దావాను 2022లో దిగువ కోర్టు కొట్టివేసింది.